మడమ నరం పట్టేసిన రన్నర్లకు: మెట్టు అంచు మంచిదా, జిమ్ బరువులు మంచివా?

పొద్దున మంచం దిగి నేల మీద కాలు మోపగానే మడమ వెనక బిగుసుకుపోయి ఉంటుంది. బాత్‌రూమ్ దాకా కుంటుతూ వెళ్లేసరికి కాస్త సడలుతుంది. పరుగు మొదలుపెట్టాక మొదటి కిలోమీటరు లాగుతుంది, తర్వాత తెలియదు, మర్నాడు పొద్దున మళ్లీ అదే. రెండు మూడు వారాలుగా ఇదే వరస అయితే అది చాలామటుకు అకిలీస్ టెండన్ సమస్యే. వాడుకలో మడమ నరం అంటాం కానీ అది నరం కాదు. పిక్కలోని కండరాలను మడమ ఎముకకు కట్టి ఉంచే తాడు. పరుగులో ప్రతి అడుగుకీ ఒంటి బరువుకు ఎన్నో రెట్ల లాగుడు దాని మీద పడుతుంది. ఆ లాగుడును ఓర్చుకునే సత్తువ మళ్లీ రావాలంటే కొలిచి, మెల్లగా పెంచుకుంటూ దాని మీద బరువు వేయాలి. విశ్రాంతితో నొప్పి తగ్గుతుంది గానీ తాడు గట్టిపడదు. అందుకే నెల రోజులు పరుగు మానేసి, నొప్పి పోయిందని మళ్లీ నెక్లెస్ రోడ్డు ఎక్కినవాళ్లకు మొదటి వారంలోనే తిరగబెడుతుంది.

బరువు ఎలా వేయాలన్న దగ్గరే గందరగోళం. ఫిజియో మెట్టు అంచు మీద మడమ దించమంటారు. జిమ్ కోచ్ కూర్చుని కాళ్లతో బరువు తోసే లెగ్ ప్రెస్ చేయమంటారు. రన్నింగ్ గ్రూపులో ఇంకొకరు మునివేళ్ల మీద కదలకుండా నిలబడితే చాలంటారు. ప్రధానమైన పద్ధతులను ఎదురెదురుగా పెట్టి పోల్చినప్పుడు ఏడాది తిరిగేసరికి ఫలితాలు దాదాపు సమానంగానే వచ్చాయి. కాబట్టి మీ నొప్పి ఏ చోట ఉంది, రోజులో ఎంత సమయం దొరుకుతుంది, బరువులు అందుబాటులో ఉన్నాయా, పరుగు పూర్తిగా ఆపగలరా అన్నవి చూసుకుని, 12 వారాలు వదలకుండా చేయగలిగిన దాన్ని ఎంచుకోండి.

ముందు వేలితో చోటు చూపించండి

బొటనవేలు, చూపుడువేలు మధ్య టెండన్‌ను పట్టుకుని పైనుంచి కిందికి నొక్కుతూ రండి. మడమ ఎముకకు 2 నుంచి 6 సెంటీమీటర్ల పైన నొప్పి, కాస్త లావెక్కినట్టు ముడి తగిలితే అది మధ్యభాగం సమస్య. ఎముకకు అతుక్కునే చోటే, అంటే షూ వెనక అంచు రాసుకునే దగ్గరే నొప్పి ఉంటే అది అతుకు సమస్య.

ఈ తేడా తెలుసుకోకుండా వ్యాయామం మొదలుపెడితే ఉన్న నొప్పి ముదురుతుంది. పాదం పైకి వంగి మడమ కిందికి దిగినప్పుడల్లా టెండన్ కింది కొస మడమ ఎముకకు ఒత్తుకుంటుంది. మధ్యభాగం నొప్పికి ఆ లోతు పనికొస్తుంది, అతుకు నొప్పికి అదే చెరుపు. మెట్టు అంచు మీద మడమ బాగా కిందికి దించే పద్ధతిలో అతుకు సమస్య ఉన్నవారిలో మూడింట ఒక వంతు మందికే తృప్తికరమైన ఫలితం వచ్చింది. అదే వ్యాయామాన్ని చదును నేల మీద, మడమ నేలను తాకగానే ఆగేలా మార్చి 2008లో స్వీడన్‌లో పరీక్షిస్తే మూడింట రెండు వంతుల మంది కోలుకున్నారు. కాబట్టి మీది అతుకు నొప్పి అయితే ఇక్కడ చెప్పే ఏ పద్ధతి తీసుకున్నా మెట్టు అంచు వదిలేసి నేల మీదే చేయండి. పిక్క సాగదీసే స్ట్రెచ్చింగులు ఆపేయండి. మడమలు నేలకు ఆనించి గొంతుక్కూర్చోవడం, అలాగే కూర్చునే మరుగుదొడ్డి వాడకం కొన్ని వారాలు తగ్గించండి. ఇంట్లో పాలరాతి నేల మీద వట్టికాళ్లతో, పలచటి రబ్బరు చెప్పులతో తిరగడం కూడా ఒత్తిడే. మడమ కింద 10 నుంచి 12 మిల్లీమీటర్ల ఎత్తున్న మెత్తను రెండు షూలలోనూ వేసుకోండి. ఒక్కదానిలోనే వేస్తే నడుము మీద పడుతుంది.

వ్యాయామం కాదు, డాక్టరు కావాల్సిన సందర్భాలు

వెనకనుంచి ఎవరో తన్నినట్టు ఫట్‌మని తెలిసి, ఆ తర్వాత ఆ కాలి మునివేళ్ల మీద లేవలేకపోతే టెండన్ తెగి ఉండొచ్చు. బోర్లా పడుకోబెట్టి పిక్కను పిసికితే పాదం కదలాలి. కదలకపోతే ఆ రోజే ఆర్థోపెడిక్ డాక్టరు దగ్గరకు వెళ్లాలి. పిక్క మొత్తం వాచి వేడిగా ఉంటే, అందులోనూ దూర ప్రయాణం తర్వాత అయితే, రక్తం గడ్డకట్టిందేమో చూపించుకోవాలి. వయసులో ఉన్నవారికి రెండు మడమలూ నొప్పిగా ఉండి, పొద్దునపూట నడుము కూడా అరగంటకు మించి బిగుసుకుపోతుంటే అది కీళ్లవాతం తరహా జబ్బు కావచ్చు. దానికి మందులు వేరు.

మరో సంగతి చాలామందికి తట్టదు. జ్వరానికో విరేచనాలకో మందుల షాపులో అడిగి తెచ్చుకునే యాంటీబయాటిక్‌లలో సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్ ఒకే కుటుంబానివి. ఇవి టెండన్‌ను దెబ్బతీస్తాయి, కొందరికి తెగిపోయేంత దాకా వస్తుంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లోనే వీటి మీద అత్యంత తీవ్రమైన హెచ్చరిక వేయించింది. ఈ కోర్సు వాడిన రోజుల్లో గానీ తర్వాతి కొన్ని నెలల్లో గానీ మడమ నొప్పి మొదలైతే ఆ మాట డాక్టరుకు తప్పక చెప్పండి, బరువులు ఎత్తే ముందు ఆయన సలహా తీసుకోండి. షుగరు, కొలెస్ట్రాల్ పరీక్షలు చేయించి ఏడాది దాటిందా? అవీ చేయించండి. ఇవి ఎక్కువగా ఉంటే టెండన్ బలహీనపడుతుంది.

మెట్టు అంచు పద్ధతి

స్వీడన్ సర్జన్ హోకన్ ఆల్ఫ్రెడ్‌సన్ 1998లో ప్రచురించిన పద్ధతి ఇది. ఆ తొలి అధ్యయనంలో ఉన్నది 15 మందే గానీ, 12 వారాల తర్వాత అందరూ మళ్లీ పరుగెత్తగలిగారు. అప్పటినుంచి చాలామంది ఫిజియోలు రాసిచ్చేది దీన్నే.

పాదం ముందు భాగం మెట్టు అంచు మీద ఉంచి, మంచి కాలితో మునివేళ్ల మీదకు లేవాలి. పైన ఉండగా బరువంతా నొప్పి కాలి మీదకు మార్చి, మెల్లగా మడమను మెట్టు కంటే కిందికి దించాలి. మళ్లీ పైకి లేవడానికి మంచి కాలే. నొప్పి కాలితో దిగడమే తప్ప లేవడం ఉండదు, చాలామంది తప్పేది ఇక్కడే. మోకాలు నిటారుగా పెట్టి 15 చొప్పున మూడు సెట్లు, మోకాలు కొద్దిగా వంచి మరో మూడు సెట్లు. మోకాలు వంచినప్పుడు పిక్కలో లోపలి కండరం సోలియస్ మీద బరువు పడుతుంది. పరుగులో ఎక్కువ పని చేసేది అదే కాబట్టి ఆ మూడు సెట్లు ఎగ్గొట్టకూడదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, వారానికి ఏడు రోజులూ. అంటే రోజుకు 180 సార్లు, వారానికి 1,260.

ఖర్చు లేదు, అపార్టుమెంటు మెట్లు చాలు. కాకపోతే మన మెట్లకు వేసే గ్రానైట్ పాలిష్ పట్టి, అంచు గుండ్రంగా కోసి ఉంటుంది, వట్టికాలితో నిలబడితే జారుతుంది. షూ వేసుకుని, రెయిలింగ్ పట్టుకుని చేయండి. చేసేటప్పుడు ఓ మోస్తరు నొప్పి ఈ పద్ధతిలో సహజమే. నొప్పి లేకుండా 15 అయిపోతున్నాయంటే బరువు చాలడం లేదని అర్థం. బ్యాక్‌ప్యాక్‌లో అయిదు కిలోల బియ్యం ప్యాకెట్ పెట్టండి, తర్వాత రెండోది. బరువు పెంచకుండా 12 వారాలూ ఒంటి బరువుతోనే లాగించి, లాభం లేదని వదిలేసేవాళ్లు చాలామంది.

ఈ పద్ధతిలో అసలు కష్టం సమయం. రోజుకు రెండుసార్లు, ఏడు రోజులూ అంటే మూడో వారానికి సాయంత్రం పూట జారిపోతుంది. హైటెక్ సిటీ ట్రాఫిక్‌లో రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరేవారు ఇది చేయగలరా అని మొదటే నిజాయితీగా లెక్క వేసుకోవాలి.

బరువు ఎక్కువ, వేగం తక్కువ

కోపెన్‌హేగన్‌లో 2015లో 58 మందిని రెండుగా చేసి, సగం మందికి మెట్టు అంచు పద్ధతి, సగం మందికి భారీ బరువులతో నెమ్మదిగా చేసే పద్ధతి ఇచ్చారు. 12 వారాలకూ, ఏడాదికీ రెండు జట్ల మెరుగుదలా దాదాపు ఒకటే. అయితే మెట్టు జట్టుకు వారానికి అయిదు గంటలు పట్టగా, బరువుల జట్టుకు రెండు గంటల లోపే సరిపోయింది. 12 వారాల దగ్గర బరువుల జట్టులో తృప్తి ఎక్కువ, మధ్యలో ఎగ్గొట్టడమూ తక్కువ. ఉద్యోగం చేసుకుంటూ పరుగెత్తేవారికి ఈ తేడా చాలా పెద్దది.

వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక్కో రోజు ఖాళీ. మూడు వ్యాయామాలు: భుజాల మీద బార్‌తో నిలబడి మడమలు ఎత్తడం (బార్ పట్టాల మధ్యే పైకీ కిందికీ కదిలే స్మిత్ మెషీన్ ఉంటే సురక్షితం), కూర్చుని మోకాళ్ల మీద బరువుతో మడమలు ఎత్తడం, లెగ్ ప్రెస్‌లో మోకాళ్లు చాచి మునివేళ్లతో తోయడం. ఇక్కడ లేవడమూ దిగడమూ రెండూ ఉంటాయి. లేవడానికి మూడు సెకన్లు, దిగడానికి మూడు సెకన్లు. ఫోన్‌లో టిక్‌టిక్‌మని లయ కొట్టే మెట్రోనోమ్ పెట్టుకోండి. మనసులో లెక్కపెడితే పదో సారికి ఆరు సెకన్లు మూడైపోతాయి.

మొదటి వారం 15 చొప్పున మూడు సెట్లు. రెండు, మూడు వారాల్లో 12 చొప్పున మూడు. నాలుగు, అయిదు వారాల్లో 10 చొప్పున నాలుగు. ఆరు నుంచి ఎనిమిది దాకా 8 చొప్పున నాలుగు. తొమ్మిది నుంచి పన్నెండు దాకా 6 చొప్పున నాలుగు. సార్లు తగ్గిన కొద్దీ బరువు పెరగాలి. 15 అన్నప్పుడు పదహారోది సరైన రూపంలో రానంత బరువు, 6 అన్నప్పుడు ఏడోది రానంత బరువు. సెట్ల మధ్య రెండు మూడు నిమిషాల విరామం. చివరి వారాల్లో వారం మొత్తానికి 216 సార్లే. మెట్టు పద్ధతిలోని 1,260తో పోల్చి చూడండి.

అపార్టుమెంటు జిమ్‌లలో ట్రెడ్‌మిల్లులు నాలుగు ఉంటాయి గానీ కూర్చుని మడమలెత్తే మెషీన్ చాలాచోట్ల ఉండదు. బెంచీ మీద కూర్చుని, పాదం ముందు భాగం బరువు ప్లేటు మీద పెట్టి, తొడ మీద మడిచిన తువ్వాలు వేసి మోకాలికి దగ్గరగా డంబెల్ నిలబెట్టండి. అతుకు నొప్పి ఉన్నవారు ప్లేటు లేకుండా నేల మీదే చేయాలి. రెండు కాళ్లతో తేలికైపోతే ఒక్కో కాలితో. దీనికీ చాలినంత బరువు దొరకని రోజు వస్తుంది, అప్పుడు నెలకు డబ్బు కట్టి మంచి జిమ్‌లో చేరడం దండగ కాదు. వరసగా అల్ట్రాసౌండ్, కరెంటు పెట్టించుకునే సిట్టింగులకు పెట్టే డబ్బు ఇక్కడ పెడితే మేలు. వాటితో ఆ పూటకు ఉపశమనం ఉండొచ్చు గానీ, టెండన్‌కు సత్తువ మాత్రం రాదు.

పరుగు ఆపకుండానే చేసేది

ఆగస్టు చివర్లో జరిగే హైదరాబాద్ మారథాన్‌కు పేరిచ్చేసి, జూన్‌లో మడమ పట్టేస్తే అడిగే మొదటి ప్రశ్న: పరుగు ఆపాలా? ఫిజియోథెరపీ పరిశోధకురాలు కరిన్ సిల్బర్నాగెల్ బృందం 2007లో ఈ ప్రశ్ననే పరీక్షించింది. 38 మందిలో సగం మంది మొదటి ఆరు వారాలు పరుగు, గెంతులు మానేశారు, సగం మంది ఒక నొప్పి నియమం పాటిస్తూ కొనసాగించారు. వ్యాయామాలు రెండు జట్లకూ అవే. ఫలితంలో తేడా రాలేదు. నియమం ప్రకారం పరుగెత్తినవారికి నష్టం జరగలేదు.

ఆ నియమాన్ని ఏ పద్ధతి ఎంచుకున్నా పాటించవచ్చు. సున్నా నుంచి పది దాకా కొలతలో పరుగప్పుడు, వ్యాయామమప్పుడు నొప్పి అయిదు దాటకూడదు. అయిపోయాక అయిదు దాకా వచ్చినా సరే, మర్నాడు పొద్దునకు మామూలు స్థాయికి దిగాలి. వారం వారానికీ నొప్పి, పొద్దుటి బిగుతు పెరగకూడదు. ఈ మూడింటిలో పొద్దుటి మొదటి పది అడుగులే నమ్మకమైన కొలత. పరుగు మధ్యలో ఒళ్లు వేడెక్కి నొప్పి కనుమరుగవుతుంది, దాన్ని నమ్మితే మోసపోతారు. బిగుతు వదలడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో రోజూ క్యాలెండరు మీద రాసిపెట్టుకోండి. నిన్న అయిదు నిమిషాలు, ఇవాళ ఇరవై అయితే నిన్నటి పరుగు ఎక్కువైందన్నమాట.

ఈ సిల్బర్నాగెల్ పద్ధతిలో వ్యాయామం అంచెలంచెలుగా సాగుతుంది. మొదటి రెండు వారాలు రోజూ నేల మీద రెండు కాళ్లతో 10 నుంచి 15 చొప్పున మూడు సెట్లు, ఒంటి కాలితో 10 చొప్పున మూడు, కూర్చుని మూడు. తర్వాత అయిదో వారం దాకా మెట్టు అంచు మీద 15 చొప్పున, వాటికి తోడు మడమ నేలకు తగలకుండా చకచకా లేచి దిగే 20 చొప్పున మూడు సెట్లు. ఆపైన భుజాన బరువు, గెంతులు. మెట్టు అంచు పద్ధతిలోనూ బరువుల పద్ధతిలోనూ లేని ఈ చకచకా కదలిక, గెంతులే రన్నర్‌కు చివరికి కావాల్సినవి. ఎందుకంటే పరుగులో టెండన్ స్ప్రింగులా సాగి ముడుచుకుంటుంది, ఆ పని నెమ్మదైన బరువులతో పూర్తిగా అలవడదు. గెంతులు మొదలెట్టాక మాత్రం రోజూ వద్దు. గట్టి పని తర్వాత టెండన్‌లోని కొల్లాజెన్ అనే నార మొదటి రోజు కట్టుకునే దానికన్నా ఎక్కువగా విరుగుతుంది, కట్టుబడి పైచేయి కావడానికి రోజున్నర దాటుతుంది. మధ్యలో రెండు రోజులు ఎడం ఇవ్వండి.

కదలకుండా నిలబడే పద్ధతి సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. మునివేళ్ల మీద సగం ఎత్తులో 45 సెకన్లు నిలబడడం, రెండు నిమిషాల విరామం, అయిదుసార్లు. మోకాలి చిప్ప కింది టెండన్‌కు దీనితో వెంటనే ఉపశమనం కలిగిందని 2015లో ఒక చిన్న పరిశోధన చెప్పింది. మడమ టెండన్‌కు మాత్రం ఆ ఉపశమనం అందరికీ రాలేదు. ఒంటి కాలితో ఒక్కసారి కూడా లేవలేనంత నొప్పి ఉన్నవారు మొదటి వారం, పది రోజులకు దీన్ని వాడుకోవచ్చు. దీనితోనే 12 వారాలు గడిపేయకూడదు.

అయితే ఎవరికి ఏది?

జిమ్ దగ్గరలో ఉండి, వారానికి మూడు రోజులు 40 నిమిషాలు తీయగలిగితే బరువుల పద్ధతి తీసుకోండి. చాలామందికి మా మొదటి సలహా ఇదే, చివరిదాకా కొనసాగించేవాళ్లు ఇందులోనే ఎక్కువ. జిమ్ లేదు, ఇల్లు కదలడం కుదరదు, పొద్దున సాయంత్రం ఇరవై నిమిషాల పైన దొరుకుతుంది అంటే మెట్టు అంచు. పరుగు ఆపితే మనసు నిలవనివారికి, క్యాలెండరు మీద నిజం రాసుకునే ఓపిక ఉంటే సిల్బర్నాగెల్ పద్ధతి. ఆ ఓపిక లేనివారు నియమాన్ని మొదటి వారంలోనే మీరతారు, వారికి పరుగు కొన్నాళ్లు ఆపడమే మంచిది. అరవై దాటినవారు, కాళ్లలో తూలుడు ఉన్నవారు మెట్టు అంచు ఎక్కకుండా కూర్చుని చేసే బరువులతో మొదలుపెట్టాలి.

పద్ధతులను వారానికొకటి మార్చవద్దు. నాలుగో వారం దగ్గర పెద్దగా తేడా కనిపించకపోవడం మామూలే, ఎక్కువమంది ఆగిపోయేది సరిగ్గా అక్కడే. మూడు నెలలు క్రమం తప్పకుండా, బరువు పెంచుతూ చేశాక కూడా కదలిక లేకపోతే బయటినుంచి ధ్వని తరంగాలు పంపే షాక్‌వేవ్ చికిత్సను వ్యాయామానికి తోడుగా అడగొచ్చు. టెండన్‌లోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ వద్దు. కొన్ని వారాలు హాయిగా ఉన్నా టెండన్ బలహీనపడుతుంది. మన రక్తంలోంచే తీసిన ప్లేట్‌లెట్లను ఎక్కించే ఖరీదైన పీఆర్పీ ఇంజెక్షన్ సంగతికొస్తే, 2010లోనూ 2021లోనూ వచ్చిన జాగ్రత్తైన పరీక్షల్లో అది ఉత్తుత్తి ఇంజెక్షన్ కన్నా మెరుగని తేలలేదు.

మళ్లీ రోడ్డు మీదకు

అరగంట చురుకైన నడక నొప్పి లేకుండా సాగాలి. ఒంటి కాలితో మడమ ఎత్తడం మంచి కాలు ఎన్నిసార్లు చేస్తే ఇదీ దాదాపు అన్నిసార్లు చేయాలి, 20కి తక్కువ కాకుండా. ఉన్నచోటే ఒంటి కాలితో 20 గెంతులు నొప్పి రెండు దాటకుండా రావాలి. అప్పుడు ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక చొప్పున ఎనిమిది విడతలతో మొదలుపెట్టండి, రోజు విడిచి రోజు. పొద్దుటి బిగుతు పెరగకపోతే తర్వాతి వారం రెండు నిమిషాల పరుగు, ఒక నిమిషం నడక. దూరమూ వేగమూ ఒకే వారంలో పెంచకండి. టెండన్‌ను దూరం కంటే వేగమే ఎక్కువ గుంజుతుంది.

చోటు ఎంపిక మన ఊళ్లో ముఖ్యం. చదునుగా ఉన్న నెక్లెస్ రోడ్డు, గచ్చిబౌలి స్టేడియం ట్రాకు మొదటి నెలకు సరైనవి. కేబీఆర్ పార్కు చుట్టూ దారి ఎక్కుళ్లు దిగుళ్లు. బంజారా హిల్స్, జూబ్లీ హిల్స్ రోడ్లు సరేసరి. ఎక్కుడులో పాదం పైకి వంగి టెండన్ మరింత సాగుతుంది, అతుకు నొప్పి ఉన్నవారికి ఎముక ఒత్తిడి కూడా తోడవుతుంది. ట్రెడ్‌మిల్ అయితే వాలు సున్నా మీద ఉంచండి.

హైదరాబాద్ మారథాన్ దారికి ఫ్లైఓవర్లదే పేరు. జూన్ మొదట్లో వ్యాయామం మొదలుపెట్టినవారికి ఆగస్టు చివరికి సరిగ్గా 12 వారాలు నిండుతాయి. అప్పటికి మడమ బరువులకు సిద్ధమవుతుంది గానీ 42 కిలోమీటర్ల ఎక్కుళ్లకు కాదు. జులై మధ్యలో ఒంటికాలి గెంతులు ఇంకా నొప్పిగా ఉంటే ఫుల్‌ను హాఫ్‌కో, హాఫ్‌ను 10 కిలోమీటర్లకో మార్చుకోండి, కుదరకపోతే ఈ ఏడాదికి వదిలేయండి. ఎక్కుళ్లను చదును పరుగు 40 నిమిషాలు వరసగా మూడు వారాలు సాఫీగా సాగాకే ముట్టండి, మొదట వారానికి ఒక్కరోజు, నడుస్తూ ఎక్కి. నొప్పి పూర్తిగా పోయాక కూడా బరువుతో మడమలెత్తడం వారానికి రెండు రోజులు ఉంచండి, పరుగు ఉన్నంత కాలం.